సాక్ష్యాధారిత వైద్యం: అర్థం, పరిమితులు

1. ప్రవేశిక

ఏ చికిత్స రోగికి మేలు చేస్తుందో నిర్ణయించడానికి వైద్యులు చిరకాలంగా మూడింటిపై ఆధారపడ్డారు: స్వానుభవం, శరీరధర్మాలను బట్టి చేసే ఊహ, గురువుల మాట. న్యాయదర్శన పరిభాషలో వీటిని స్థూలంగా ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అనవచ్చు. కెనడా వైద్యుడు గోర్డన్ గయట్ 1991లో వాడిన 'సాక్ష్యాధారిత వైద్యం' అనే పదబంధం ఈ మూడింటినీ తోసిపుచ్చదు. రోగులపై క్రమబద్ధంగా జరిపిన పరీక్షలతో వాటిని సరిచూడాలని కోరుతుంది. అటువంటి సాక్ష్యం ఎందుకు అవసరమో, అది ఎంతవరకు వర్తిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అనుమానానికి పరీక్ష

గుండెపోటు నుంచి కోలుకున్నవారిలో జఠరికల అదనపు స్పందనలు కనిపిస్తే ఆకస్మిక మరణం సంభవించే అవకాశం అధికం. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ స్పందనలను అణచగలవు. కనుక అవి ప్రాణాలు కాపాడతాయన్న అనుమానం సహేతుకంగానే తోచింది. 'కాస్ట్' అనే పరీక్షలో ఇటువంటి రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేశారు. 1991లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ప్లాసిబో తీసుకున్న 743 మందిలో 26 మంది మరణించారు. స్పందనలను అణచిన మందే మరణాలను పెంచింది.

ఏ ఒక్క వైద్యుడి అనుభవమూ దీనిని పసిగట్టడం కష్టం. గుండెజబ్బు ఉన్న రోగి మరణిస్తే కారణాన్ని జబ్బుకే ఆపాదించడం సహజం. యాదృచ్ఛిక విభజనలో వయసు, జబ్బు తీవ్రత వంటి తెలిసిన భేదాలతోపాటు తెలియని భేదాలు కూడా రెండు వర్గాలలో ఇంచుమించు సమానంగా ఉంటాయి. అందువల్లనే ఫలితంలోని వ్యత్యాసాన్ని మందుకు ఆపాదించడం సాధ్యమైంది.

3. సాక్ష్యం పుట్టిన చోటు

సాక్ష్యం ఎక్కడ, ఎవరి మధ్య లభించిందన్నది కూడా ముఖ్యమే. క్షయరోగులకు శానటోరియంలో విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం అత్యవసరమని ఒకప్పుడు భావించేవారు. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 193 మంది రోగులను ఇల్లు, శానటోరియం వర్గాలుగా విభజించి, ఇరువర్గాలకూ ఏడాదిపాటు అవే మందులు ఇచ్చింది. ఫలితాలలో పెద్ద తేడా లేదని 1959లో వెల్లడైంది. పడకలు చాలని దేశానికి ఇంటివద్ద చికిత్స చేయవచ్చన్న భరోసా ఆ దేశపు రోగుల నుంచే లభించింది.

తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో రక్తప్రసరణ మందగించిన పిల్లలకు సిరల ద్వారా వేగంగా ద్రవాలు ఎక్కించడం ధనిక దేశాలలో స్థిరపడిన పద్ధతి. ఉగాండా, కెన్యా, టాంజానియాలలో జరిగిన 'ఫీస్ట్' పరీక్ష దీనిని పరిశీలించింది. 2011 నాటి దాని ప్రధాన ఫలితం 3,141 మంది పిల్లలకు సంబంధించినది. వేగంగా ద్రవాలు పొందిన రెండు వర్గాలలో 48 గంటలలోపు మరణాలు 10.6, 10.5 శాతం కాగా, పొందని వర్గంలో 7.3 శాతం మాత్రమే. అయితే ఈ ఫలితానికీ హద్దు ఉంది. అతిసారంతో నిర్జలీకరణకు లోనైన పిల్లలను ఆ పరీక్షలో చేర్చుకోలేదు. వారికి ద్రవాలు వద్దనడానికి ఇది ఆధారం కాజాలదు.

4. సగటు, వ్యక్తి

పరీక్ష ఇచ్చేది సమూహపు సగటు. వైద్యుని ఎదుట ఉన్నది ఒక వ్యక్తి. వృద్ధులను, గర్భిణులను, పలు జబ్బులు ఉన్నవారిని అనేక పరీక్షలు మినహాయిస్తాయి. పైగా ఏ ఫలితం సంభవించవచ్చో సాక్ష్యం సూచిస్తుంది గాని, ఏది కోరదగినదో చెప్పదు. ఆయువు కొంత పెంచి బాధను మిక్కిలి పెంచే చికిత్సను స్వీకరించాలా వద్దా అన్నది రోగి విలువలకు చెందిన ప్రశ్న. 1996లో డేవిడ్ సాకెట్, ఆయన సహరచయితలు సాక్ష్యాన్ని వైద్యుని నైపుణ్యంతో జోడించాలనీ, రోగి అభీష్టాన్ని గౌరవించాలనీ స్పష్టం చేశారు.

5. ముగింపు

సాక్ష్యాధారిత వైద్యానికి బలమూ పరిమితీ ఒకే మూలం నుంచి వచ్చాయి: నిర్దిష్టమైన ప్రశ్నను, నిర్దిష్టమైన రోగులపై, నిర్దిష్టమైన పరిస్థితులలో పరీక్షించడం. ఆ హద్దులను గుర్తించకుండా దానిని అన్నిచోట్లా వర్తింపజేస్తే, అది ప్రశ్నించడానికి పూనుకొన్న శబ్దప్రమాణంగానే మారుతుంది.