బ్రౌజరుకు మన మాటలు

ఇంటర్నెట్ పుటలను తెరమీద చూపే సాధనాన్ని బ్రౌజరు అంటారు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ వంటివి బ్రౌజర్లే. అక్షరాలను, బొమ్మలను చూపడమే కాక, మనం చెప్పిన పనిని చెప్పిన వరుసలో చేయడం కూడా దానికి తెలుసు. అలా చెప్పడానికి వాడే భాష జావాస్క్రిప్టు. అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ 1995లో దీని తొలి రూపాన్ని పది రోజులలో తయారుచేశాడు. జావా అనే మరొక భాష కూడా ఉంది. పేర్లు కలిసినా అవి రెండూ వేరు వేరు భాషలు.

ఈ భాషను మొదలుపెట్టడానికి కొత్తగా ఏమీ కొననక్కరలేదు. డెస్క్‌టాప్ కంప్యూటరు, అందులో ఒక బ్రౌజరు ఉంటే చాలు. ఇంటర్నెట్ లేకపోయినా ఫరవాలేదు. బ్రౌజరును తెరిచి, కీబోర్డు పై వరుసలో ఉన్న ఎఫ్12 మీటను నొక్కండి. పక్కనో, అడుగునో మరొక భాగం తెరుచుకుంటుంది. అందులో ‘కన్సోల్’ అనే విభాగాన్ని ఎంచుకోండి. మనం రాసిన ఆదేశానికి వెంటనే జవాబిచ్చే చోటు అదే. అక్కడ 12 * 9 అని టైపు చేసి ఎంటర్ మీట నొక్కితే 108 వస్తుంది. ఈ భాషలో నక్షత్రం గుర్తు గుణకారాన్ని తెలుపుతుంది.

ఇప్పుడు కింది వాక్యాలను ఒక్కొక్కటిగా టైపు చేసి, ప్రతిసారీ ఎంటర్ నొక్కండి.

తెలుగు = 78
గణితం = 64
మొత్తం = తెలుగు + గణితం

మూడవ వాక్యానికి జవాబుగా 142 కనిపిస్తుంది. ఇక్కడ తెలుగు, గణితం, మొత్తం అనేవి చరరాశులు. వాటిని విలువలు దాచుకొనే డబ్బాలు అనుకోండి. బీజగణితంలో ‘=’ గుర్తుకు రెండు వైపులా సమానమని అర్థం. ఇక్కడ మాత్రం ‘కుడివైపు విలువను ఎడమవైపు డబ్బాలో ఉంచు’ అని అర్థం. అందుకే మొత్తం = మొత్తం + 5 అని రాసినా తప్పు కాదు. పాత విలువకు 5 కలిసి 147 అవుతుంది.

జావాస్క్రిప్టులోని సొంత ఆదేశాలన్నీ ఆంగ్ల పదాలే. కాని చరరాశులకు మనం పెట్టే పేర్లు తెలుగులో ఉండవచ్చు. 1999లో వెలువడిన ప్రమాణం నుంచి ఈ వీలు ఉంది. అంకెలను మాత్రం 0 నుంచి 9 వరకు ఉన్న గుర్తులతోనే రాయాలి. ౧, ౨ వంటి తెలుగు అంకెలను అది సంఖ్యలుగా తీసుకోదు.

తెలుగు టైపు చేయడం ఎలా? భారతీయ లిపులకోసం రూపొందించిన ‘ఇన్‌స్క్రిప్ట్’ అమరికలో తెలుగు ‘క’, కన్నడ ‘క’, ఒడియా ‘క’, తమిళ ‘క’ అన్నీ ఒకే మీటమీద ఉంటాయి. మీ రాష్ట్ర భాషను ఈ అమరికలో టైపు చేయడం వస్తే, తెలుగుకు చాలావరకు అదే అభ్యాసం సరిపోతుంది.

రెండు జాగ్రత్తలు పాటించాలి. మొదటిది కొటేషన్ గుర్తులకు సంబంధించినది. "78" + "64" అని రాస్తే జవాబు 142 కాదు, 7864. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదాన్ని బ్రౌజరు సంఖ్యగా కాక అక్షరాల వరుసగా చూస్తుంది. అక్షరాలను కూడడమంటే ఒకదాని పక్కన ఒకటి చేర్చడమే.

రెండవది పేర్లను గురించినది. గణితం, గణితము మనకు ఒకే మాట. బ్రౌజరుకు అవి రెండు వేరు మాటలు. ‘గణితం’ అని పేరు పెట్టి, తరువాత ‘గణితము’ అని రాస్తే అలాంటి పేరు లేదంటూ ఎర్రని అక్షరాలతో తప్పు చూపుతుంది. అయితే ‘లెక్కలు’ అని పెట్టినా దానికి అభ్యంతరం లేదు. హోసూరు ఇళ్లలో పలికే మాటైనా, బరంపురంలో పలికే మాటైనా, యానాంలో పలికే మాటైనా దానికి సమానమే. ఏది మంచి తెలుగని అది అడగదు. పెట్టిన పేరును చివరిదాకా ఒకే తీరుగా రాయాలన్నదే దాని నియమం.

కన్సోల్‌లో చరరాశులకు ఇచ్చిన విలువలు బ్రౌజరును మూసివేయగానే పోతాయి. కనుక ప్రతి వాక్యాన్నీ, దాని జవాబునూ నోటుపుస్తకంలో రాసుకోండి.

చేసి చూడండి

1. మీ ఇంట్లో వాడే మాటలతో నెల ఖర్చులకు పేర్లు పెట్టి, మొత్తం కట్టండి.
2. "ఊరు" + "పేరు" అని రాస్తే ఏమి వస్తుంది? ముందు ఊహించి, తరువాత చూడండి.