గోలు ముందు నిలిచినవాడు: మాంచెస్టర్ సిటీ అభిమానుల తెగని వాదం

అభిమానులు తమ జట్టును గూర్చి చేసే వాదాలలో ఎన్నటికీ తెగనిది గోల్‌కీపర్లను గూర్చిన వాదం. ముందు వరుసలో ఆడేవాని గొప్పతనాన్ని కొలవడానికి ఒక కొలబద్ద ఉన్నది. అతడు ఎన్ని గోల్స్ చేసినాడో చెబితే సగం వాదం అక్కడికక్కడే ముగుస్తుంది. గోల్‌కీపర్ పని అట్టిది కాదు. అతని ఘనత అంతా జరగకుండా ఆగిపోయిన వాటిలో ఉన్నది. జరిగినదానిని లెక్క వేయవచ్చు గాని, జరగనిదానిని లెక్క వేయడం ఎట్లా? పైగా తొంభై నిమిషాల ఆటలో ఎనభై తొమ్మిది నిమిషాలు నిర్దోషంగా నిలిచి, ఒక్క నిమిషం తడబడితే లోకం ఆ ఒక్క నిమిషాన్నే జ్ఞాపకం పెట్టుకుంటుంది.

ఈ వాదం ఏ ప్రాతిపదికల మీద సాగుతుందో, ఎందుకు తెగదో ఒక జట్టును ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం. ఆ జట్టు ఇంగ్లండులోని మాంచెస్టర్ సిటీ. 1880లో ఒక చర్చికి అనుబంధంగా మొదలై 1894లో ఈ పేరు ధరించిన క్లబ్బు ఇది. 1923 నుండి 2003 వరకు మెయిన్ రోడ్ మైదానం దాని స్వస్థానం. ఈ జట్టు అభిమానులలో తాతలు ఒక పేరు చెబితే తండ్రులు మరొక పేరు చెబుతారు. మనుమలు ఇద్దరితోనూ ఏకీభవించరు. అందరికీ తగినన్ని ఆధారాలున్నవి. చిక్కంతా అక్కడే ఉన్నది.

కాలక్రమంలో మొదట చెప్పుకోవలసినవాడు ఫ్రాంక్ స్విఫ్ట్. 1933 డిసెంబరులో తొలి ఆట ఆడిన ఈ యువకుడు ఐదు నెలలు తిరగకముందే 1934 ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌లో నిలిచినాడు. అప్పటికి అతనికి ఇరవై ఏండ్లు. మొదటి సగంలో పోర్ట్స్‌మత్ జట్టు గోల్ చేయగా, చేతి తొడుగులు వేసుకోకపోవడం తన తప్పేనని అతడు కుమిలిపోయినాడు. ఫ్రెడ్ టిల్సన్ రెండు గోల్స్ చేసి జట్టును గెలిపించినాడు. ఆట ముగిసినట్లు ఈల వినబడగానే ఉద్వేగం భరించలేక స్విఫ్ట్ మైదానంలోనే మూర్ఛపోయినాడు. 1937లో సిటీ తొలిసారి లీగ్ విజేత అయినప్పుడూ గోలు ముందు అతడే. విశాలమైన హస్తాలతో బంతిని ఒడిసిపట్టి, గుడ్డిగా దూరానికి తన్నివేయక తనవారికి చేతితో విసరి అందించిన తొలి గోల్‌కీపర్లలో అతడొకడు. 1948లో ట్యూరిన్ నగరంలో ఇటలీని 4-0తో ఓడించిన ఇంగ్లండ్ జట్టుకు నాయకుడు కూడా అతడే. ఆట మానిన పిమ్మట పత్రికా విలేఖరి అయినాడు. పొరుగు జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌తో కలిసి ప్రయాణిస్తూ 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో అసువులు బాసినాడు.

స్విఫ్ట్ స్థానాన్ని నింపడానికి 1949 అక్టోబరులో క్లబ్బు ఎన్నుకున్న మనిషి ఊరినే కుదిపివేసినాడు. బెర్ట్ ట్రౌట్‌మన్ జర్మనీ దేశస్థుడు. రెండవ ప్రపంచ యుద్ధంలో పారాచూట్ దళ సైనికుడు. శత్రువుల చేత చిక్కి ఇంగ్లండులో యుద్ధఖైదీగా గడిపినవాడు. విడుదలైన తరువాత స్వదేశం వెళ్లక, లాంకషైర్‌లోనే ఉండి చిన్న జట్టు ఒకదానికి ఆడుతూ వచ్చినాడు. బాంబుల గాయాలు ఇంకా మానని మాంచెస్టర్‌లో, పెద్దసంఖ్యలో యూదులు నివసించే ఆ నగరంలో, ఈ వార్త విని జనం వేలాదిగా వీధులలోకి వచ్చి నిరసించినారు. అప్పుడు అలెగ్జాండర్ ఆల్ట్‌మన్ అనే యూదు మతగురువు పత్రికకు ఒక బహిరంగ లేఖ వ్రాసినాడు. జర్మనుల చేతిలో తమ జాతి అనుభవించిన క్రౌర్యాన్ని మరువలేమని చెబుతూనే, ఆ నేరాలతో సంబంధం లేని ఒక వ్యక్తిని జర్మనుడైనందుకు మాత్రమే శిక్షించరాదని, అతనికి అవకాశం ఇవ్వవలెనని ఆయన కోరినాడు. ఆల్ట్‌మన్ స్వయంగా 1938లో జర్మనీ విడిచి వచ్చిన శరణార్థి. ఆయన తల్లిదండ్రులు నాజీల మారణకాండలో బలి అయినారు. అట్టివాని నోట వచ్చినందువల్లనే ఆ మాటకు అంత బరువు కలిగింది.

1950 జనవరిలో లండన్‌లో ఫుల్హమ్ జట్టుతో ఆడిన ఆటలో సిటీ 1-0తో ఓడిపోయింది. అయినా ట్రౌట్‌మన్ ఆపిన బంతులను చూసి, వచ్చినప్పుడు ఎగతాళి చేసిన ప్రేక్షకులే వెళ్లేటప్పుడు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసినారు. 1956 ఎఫ్.ఏ. కప్ ఫైనల్ కథ జగద్విదితం. బర్మింగ్‌హామ్ సిటీతో ఆట ముగియడానికి పదిహేడు నిమిషాలున్నదనగా ప్రత్యర్థి మోకాలు తగిలి అతని మెడకు తీవ్రమైన దెబ్బ తగిలింది. బదులు ఆటగాడిని దింపే వీలు నాటి నియమాలలో లేదు. నొప్పితోనే నిలిచి మరికొన్ని బంతులు ఆపినాడు. సిటీ 3-1తో గెలిచింది. మెడ ఎముక విరిగినదన్న సంగతి కొన్ని రోజుల తరువాత ఎక్స్‌రే తీస్తే గాని తెలియలేదు. ఆ సంవత్సరం ఫుట్‌బాల్ విలేఖరుల సంఘం అతనిని ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకొన్నది. 1964 వరకు సిటీకి 545 ఆటలు ఆడి, 2013లో తన 89వ ఏట మరణించినాడు.

మూడవవాడు జో కారిగన్. 1967 నుండి 1983 వరకు ఆరు వందలకు పైగా ఆటలు ఆడినవాడు. ఇతని కథలో యుద్ధాలు లేవు, విమాన ప్రమాదాలు లేవు, ఓపిక ఉన్నది. 1970 మార్చిలో వెస్ట్ హామ్‌తో ఆడుతూ బంతిని దూరానికి తన్ని, వెనుదిరిగి గోలు వైపు నడుస్తూండగా, రానీ బాయిస్ ఆ బంతినే మైదానం మధ్య ప్రాంతం నుండి తిప్పికొట్టి గోల్ చేసినాడు. కారిగన్ వెనుదిరిగి చూసేసరికి బంతి వలలో ఉన్నది. అదే సంవత్సరం లీగ్ కప్, ఐరోపా కప్ విజేతల కప్ రెండూ సిటీ గెలిచినా, జనం అతనిని గేలి చేయడం మానలేదు. 1973లో క్లబ్బు కీత్ మెక్రేను కొని తెచ్చినప్పుడు ఇక ఇతని పని ముగిసినదనుకున్నారు. కారిగన్ మాత్రం శ్రమించి తన స్థానాన్ని తిరిగి సంపాదించుకున్నాడు. 1976లో మరల లీగ్ కప్ గెలిచినాడు. 1981 ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌లో టాటెన్‌హామ్‌ను ఎదిరించి అద్భుతంగా ఆడినాడు. తిరిగి ఆడిన ఆటలో సిటీ ఓడినా అతని కీర్తి తగ్గలేదు.

కొత్త తరం వారు చెప్పే పేర్లు రెండు: జో హార్ట్, ఎడర్సన్. 2011లో ఎఫ్.ఏ. కప్, 2012లో నలభై నాలుగేండ్ల తరువాత లీగ్ టైటిల్, 2014లో మరొక టైటిల్ గెలిచిన జట్లకు హార్ట్ కాపలా. 2015 ఫిబ్రవరిలో బార్సిలోనాకు చెందిన మెస్సీ కొట్టిన పెనాల్టీని ఆపినవాడు. 2017లో వచ్చిన బ్రెజిల్ దేశస్థుడు ఎడర్సన్ 2025లో క్లబ్బును విడిచే నాటికి ఆరు లీగ్ టైటిళ్లలో భాగస్వామి. 2023 జూన్‌లో ఇస్తాంబుల్‌లో ఇంటర్ మిలన్‌పై 1-0తో గెలిచి సిటీ తొలిసారి ఛాంపియన్స్ లీగ్ సాధించినప్పుడు, చివరి నిమిషాలలో అతడు ఆపిన బంతి లేకుంటే ఆ గెలుపు చేజారేదే. అతని పాదాల నైపుణ్యం మరొక విశేషం. 2018లో బంతిని 75.35 మీటర్లు తన్ని గిన్నిస్ రికార్డు నెలకొల్పినాడు.

ఇప్పుడు వీరిని ఏ తూనికరాయితో తూచవలెను? పతకాలతో తూచితే ఎడర్సన్ అందరికంటె పైన, ట్రౌట్‌మన్ అందరికంటె క్రింద ఉంటారు. ట్రౌట్‌మన్‌కు దక్కిన పెద్ద విజయం 1956 కప్ ఒక్కటే. దేశం తరఫున ఆడిన ఆటలతో తూచితే హార్ట్‌కు 75, స్విఫ్ట్‌కు 19, కారిగన్‌కు 9, ట్రౌట్‌మన్‌కు సున్న. స్వదేశంలో ఆడేవారినే జర్మనీ శిక్షకుడు ఎన్నుకునేవాడు కనుక అతనికి ఆ అవకాశమే రాలేదు. కారిగన్ కాలంలో షిల్టన్, క్లెమెన్స్ ఉండడం అతని దోషం కాదు. ఆటల సంఖ్యతో తూచితే కారిగన్ మొగ్గుతాడు. కాని యుద్ధం మూలంగా 1939 నుండి 1946 వరకు లీగ్ నిలిచిపోయి, స్విఫ్ట్ తన ఉత్తమ వయస్సులో ఏడు సీజన్లు కోల్పోయినాడని మరువరాదు. ఒక్కొక్క తూనికరాయి ఒక్కొక్కని వైపే మొగ్గుతున్నది.

అంతకంటె ముఖ్యమైన విషయం, వీరందరూ ఆడినది ఒకే పేరుగల వేరు వేరు ఆటలు. స్విఫ్ట్, ట్రౌట్‌మన్‌ల నాడు బంతి చేత పట్టుకున్న గోల్‌కీపర్‌ను భుజంతో ఢీకొని నెట్టడం నియమసమ్మతమే. 1957 కప్ ఫైనల్‌లో అట్టి ఢీకొనడం వల్లనే మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ రే వుడ్ చెంప ఎముక విరిగింది. లీగ్ ఆటలలో బదులు ఆటగాళ్లకు అనుమతి లభించినది 1965లో. అంతకు ముందు, 1964లో, వేలికి గాయమైన సిటీ గోల్‌కీపర్ హ్యారీ డౌడ్ ముందు వరుసకు వెళ్లి ఆడి బరీ జట్టుపై గోల్ చేసిన వింత కూడా జరిగింది. ఇక 1992లో వచ్చిన నియమం ఈ స్థానాన్నే మార్చివేసింది. తోటి ఆటగాడు కావాలని కాలితో వెనుకకు ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేతితో పట్టరాదన్నారు. ఆనాటి నుండి పాదాలు కూడా గోల్‌కీపర్ పనిముట్లయినవి. 2016లో కొత్త శిక్షకుడు గ్వార్డియోలా హార్ట్‌ను ప్రక్కన పెట్టినది అందువల్లనే. ఎడర్సన్‌ను మెచ్చుకునే కొలతలో కారిగన్‌ను కొలిస్తే, ఎద్దును గుఱ్ఱపు పందెంలో నిలబెట్టి ఓడినదన్నట్లు ఉంటుంది.

వాదంలో పైకి చెప్పని కారణం మరొకటి ఉన్నది. 1999 మే 30న సిటీ మూడవ శ్రేణిలో పడి ఉన్న దశలో, గిల్లింగ్‌హామ్‌తో ఆడిన ప్లేఆఫ్ ఫైనల్‌లో ఇరవై ఏండ్ల నిక్కీ వీవర్ పెనాల్టీలు ఆపి జట్టును పైకి తెచ్చినాడు. ఏ జాబితాలోనూ అతడు మొదటివాడు కాడు. అయినా ఆనాటి అవమానాన్ని పంచుకున్నవారు ఆ పేరు చెప్పక మానరు. జట్టు చితికి ఉన్నప్పుడు నిలబెట్టినవాడు, జట్టు వెలిగిపోతున్నప్పుడు వెలిగినవానికంటె ఎక్కువగా గుర్తుంటాడు. అందుచేత అభిమాని తన గోల్‌కీపర్‌ను సమర్థించేటప్పుడు తన బాల్యాన్ని, తన చేయి పట్టి మైదానానికి తీసుకుపోయిన తండ్రిని కూడా సమర్థించుకుంటున్నాడు. ఆ వాదంలో ఓటమిని ఎవడు ఒప్పుకుంటాడు?

అట్లని తీర్పే అసాధ్యమని మేము అనడం లేదు. ప్రతివానిని అతని కాలపు నియమాలలో, అతని ముందున్న రక్షకుల బలాబలాలలో, అతనికి దక్కిన అవకాశాలలో నిలిపి చూడవచ్చును. ఆ విధంగా చూస్తే స్విఫ్ట్ మార్గదర్శి, ట్రౌట్‌మన్ ధీరుడు, కారిగన్ సహనశీలి, హార్ట్ పునరుత్థాన కాలపు కాపరి, ఎడర్సన్ నవీన విద్యలో పారంగతుడు. మమ్ములను ఒక్క పేరే చెప్పుమంటే ట్రౌట్‌మన్ అంటాము. తక్కినవారు బంతులను మాత్రమే ఎదుర్కొన్నారు. అతడు మైదానంలోకి అడుగు పెట్టకముందే ఒక నగరపు ద్వేషాన్ని ఎదుర్కొని, తన ఆటతో దానిని గౌరవంగా మార్చినాడు.

ఈ తీర్పును విద్యార్థులు అంగీకరించనక్కరలేదు. అయితే మనిషిని అతని జాతిని బట్టి గాక అతని చేతలను బట్టి ఎంచవలెనని ఆల్ట్‌మన్ 1949లో కోరిన న్యాయం గోల్‌కీపర్లకే పరిమితమైనది కాదు. తాము చూడని కాలపు మనుషులను గూర్చి తరగతిలోనైనా మైదానంలోనైనా తీర్పు చెప్పబోయే ముందు, వారెట్టి నియమాలలో ఆడవలసి వచ్చినదో ఒకసారి విచారించడం మన విద్యార్థులకు అలవడితే, ఈ తెగని వాదం వల్ల కూడా ఒక ప్రయోజనం కలిగినట్లే.