గర్భిణికి వ్యసనం... దారి చూపేదెవరు?

రక్తం తక్కువైతే, బీపీ పెరిగితే ఏం చేయాలో మన ఆశా కార్యకర్తలకు తెలుసు. అదే గర్భిణి పొగాకు వదల్లేకపోతుంటే, మద్యం మానలేకపోతుంటే? మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో ఆ తల్లిని ఎక్కడికి, ఎలా పంపాలి?

ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు. బరువు తూస్తారు, బీపీ చూస్తారు, రక్తపరీక్ష చేస్తారు. ప్రమాదం ఉందనిపిస్తే కార్డుకు ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. "ఆకు నములుతావా అమ్మా? మందు అలవాటుందా?" అన్నది మాత్రం అడిగితేనే తెలుస్తుంది. పక్కన అత్త నిలబడి ఉంటే ఏ కోడలు నోరు విప్పుతుంది? ప్రతి గర్భిణినీ, వచ్చిన ప్రతిసారీ ఈ సంగతి అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది.

పొగాకు నేలలో

పొదిలి, కనిగిరి పొగాకు వేలం కేంద్రాలకు చేరే ఆకు వెనుక ఆడకూలీల రెక్కల కష్టం ఉంది. రెలుపు దగ్గర్నుంచి గ్రేడింగ్ దాకా చేతుల నిండా ఆకే. తడి ఆకు పట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, కడుపులో బిడ్డకు అందే రక్తం తగ్గుతుంది. ముంబయిలో 1,217 మంది గర్భిణులపై చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో పొగాకు నమిలే తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పొగాకు వాడే మహిళలు నూటికి నలుగురిలోపే. మద్యం తాగేవారు ఒక శాతం కూడా లేరు. సంఖ్య చిన్నదే. కానీ తక్కువ మంది కాబట్టే వాళ్లు ఎవరి కంటా పడరు. 1992లో పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం మగవాళ్ల తాగుడు మీద. తానే ఆ వలలో చిక్కుకున్న ఆడమనిషి గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడరు.

"మానెయ్" అంటే చాలదు

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. గర్భిణి అయితే ప్రమాదం ఇద్దరికి. అందుకే ఆసుపత్రిలో చేర్చి, ప్రసూతి వైద్యులు, మానసిక వైద్యులు కలిసి చూడాలి. నల్లమందు జాతి మత్తుకు బానిసైన గర్భిణికి ఉన్నపళంగా ఆపించకుండా, వైద్యుల పర్యవేక్షణలో మెథడోన్ లేదా బుప్రెనార్ఫిన్ ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పొగాకుకైతే ముందు కావలసింది ఓపికగా ఇచ్చే కౌన్సెలింగ్.

అయితే మార్కాపురం నుంచి ఒంగోలు పెద్దాసుపత్రి సుమారు వంద కిలోమీటర్లు. గిద్దలూరు వాళ్లకు నల్లమల దాటితే వచ్చే నంద్యాలే దగ్గర, కానీ అది వేరే జిల్లా. కూలి మానుకుని, చీటీ పట్టుకుని వెళ్లిన తల్లి ఓపీ వరసలో ఎవరి దగ్గరికెళ్లాలో తెలియక వెనక్కొచ్చేస్తే ఆ వైద్యం అందనట్టే.

చట్టం అండగా ఉంది

బయటపడితే పరువు పోతుందని, బిడ్డను లాక్కుంటారని భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలంటోంది. మానసిక చికిత్సాలయంలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదనీ చెబుతోంది. ఈ మాట ఏఎన్ఎం నోట వింటే ఎంతో ధైర్యం.

చేయాల్సింది కొండంత పనేం కాదు. గర్భిణిని ఒంటరిగా కూర్చోబెట్టి, నిందించకుండా అడగాలి. టెలీ మానస్ 14416, వ్యసన విముక్తికి 14446, పొగాకు మానడానికి 1800-11-2356 నంబర్లు ప్రతి పీహెచ్‌సీ గోడ మీదా ఉండాలి. మార్కాపురం, గిద్దలూరు ఆసుపత్రుల నుంచి పంపే ప్రతి గర్భిణి కోసం ఒంగోలులో ఒక బాధ్యుణ్ణి నియమించాలి. వెంట ఆశా వెళ్లాలి, ఆమె దారి ఖర్చులు ప్రభుత్వమే భరించాలి. చికిత్స ఏమైందో తిరిగి ఊరి ఏఎన్ఎంకు తెలియాలి. జిల్లా వైద్యాధికారులు తలచుకుంటే దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఈ నెల నుంచే మొదలుపెట్టవచ్చు.