మచ్చ ఒకరిది, హెచ్చరిక అందరిదీ
చర్మ క్యాన్సర్ రోగికి చికిత్స మొదలైతే సరిపోదు. ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకోవాలి

భిలాయి ఉక్కు కార్మికులకు వైద్యపరీక్షలు కొత్త కాదు. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారికి ఏటా పరీక్ష జరగాలని 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ నిర్దేశించింది. బొగ్గు తారు చర్మ క్యాన్సర్ కారకాల్లో ఒకటి కనుక ఆ జాగ్రత్త అవసరమే. కానీ అది ప్లాంటు గేటు దగ్గరే ఆగిపోతుంది. ముప్పు మాత్రం ఇంటి గడప దాటి లోపలికి వస్తుంది.

మెలనోమా రకం క్యాన్సర్ సోకినవారి తోబుట్టువులకు, సంతానానికి ముప్పు దాదాపు రెట్టింపని, ఎక్కువగా తెల్లజాతి కుటుంబాలపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మన దేశంలో ఇది అరుదు. అసలు చిక్కు అక్కడే ఉంది. అరుదైనదాన్ని ఎవరూ వెతకరు. పైగా మనవాళ్లలో అది తరచూ ఎండ తగలని అరికాల్లో, గోరు కింద పుడుతుంది. బూటు ఒరుసుకున్న గాయమనో, ఆనెకాయ అనో కొట్టిపారేస్తారు.

భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆలోచించాల్సిన విషయం మరొకటి ఉంది: మేనరికం. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే జన్యులోపం దాగి ఉంటే జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే వ్యాధి పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఎండ తగిలిన చోటల్లా మచ్చలు లేచి, పదేళ్లలోపే క్యాన్సర్ రావచ్చు. ఒక బిడ్డలో బయటపడిందంటే మిగతా పిల్లలను వెంటనే చూపించాలి. ఎండ నుంచి కాపాడితే ముప్పు చాలావరకు తగ్గుతుంది.

పంచుకునేది రక్తమే కానక్కర్లేదు. అప్పటి రాజ్‌నంద్‌గావ్ జిల్లాలోని కౌరికసా ప్రాంత భూగర్భజలాల్లో ఆర్సెనిక్ ఉందని 1999లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఆ నీటిని ఏళ్ల తరబడి తాగితే అరచేతులు, అరికాళ్లు గరుకెక్కుతాయి, కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఒకే బావి నీళ్లు తాగిన ఇంట్లో ఒకరికి లక్షణాలు కనిపిస్తే మిగతావారూ పరీక్షకు వెళ్లాల్సిందే.

పరీక్షలో కష్టమేమీ లేదు. చర్మవైద్యులు తల నుంచి కాలివేళ్ల సందుల దాకా చూస్తారు. అనుమానం వస్తే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. రంగు, ఆకారం మారే మచ్చను, నెల దాటినా మానని పుండును చూపించకుండా ఉండకూడదు. పెళ్లి కావలసిన పిల్ల మచ్చ సంగతి బయటపడుతుందని దాచడం కన్నా ప్రమాదం మరోటి లేదు. తొలిదశలో చాలావరకు చిన్న శస్త్రచికిత్సతో సరిపోతుంది.

రోగిని ఆస్పత్రికి తీసుకొచ్చిన తమ్ముడో, కూతురో బయట బెంచీ మీద కూర్చుంటారు. తర్వాత వారూ లోపలికి వెళ్లాలి.