మాత్రికలూ - మన వంటిల్లూ



ఇంటర్ లెక్కల్లో 'మాత్రికలు' అని ఒక అధ్యాయం ఉంది. పెద్ద బ్రాకెట్ల మధ్య అంకెలు అడ్డంగా, నిలువుగా పేర్చి ఉంటాయి. "నిజజీవితంలో వీటి ఉపయోగం మీద ప్రాజెక్టు చేసుకురండి" అని మాస్టారు చెప్పగానే పిల్లలు ఇంటికొచ్చి తల పట్టుకుంటారు. మనమేమో "ఈ లెక్కలు ఎందుకు పనికొస్తాయే!" అనేస్తాం. ఆడపిల్ల చెవిన ఈ మాట రెండుసార్లు పడిందంటే, లెక్కలు తనకు కావనుకుని ఊరుకుంటుంది. అందుకని, ఆ మాట అనేముందు మాత్రికల్ని ఒకసారి వంటింట్లోకి రానిద్దాం.

మాత్రిక అంటే వరుసల్లో పేర్చిన పట్టిక, అంతే. మొదటివారం మనకు బియ్యం 5 కిలోలు, కందిపప్పు 1 కిలో కావాలనుకోండి. రెండోవారం బియ్యం 4, పప్పు 2. ఇవి రెండు అడ్డు వరుసలు. ఇక ధరల పట్టిక. ఒక దుకాణంలో బియ్యం కిలో 60 రూపాయలు, పప్పు 150. ఇంకో దుకాణంలో బియ్యం 55, పప్పు 170. ఇవి లెక్క కోసం అనుకున్న ధరలే సుమండీ! ఒక్కో దుకాణం ధరల్ని ఒక్కో నిలువు వరుసగా రాసుకోవాలి.

ఇప్పుడు అడ్డు వరుసను నిలువు వరుసతో గుణించి కూడాలి. బియ్యం తూకాన్ని బియ్యం ధరతో, పప్పు తూకాన్ని పప్పు ధరతో గుణిస్తేనే కదా అర్థం ఉండేది! ఆ నియమం అందుకే వచ్చింది. మొదటివారం ఖర్చు మొదటి దుకాణంలో 450, రెండో దుకాణంలో 445. రెండోవారం 540, 560. చూశారా, మొదటివారం ఒక దుకాణం చవకైతే, రెండోవారం ఇంకోటి చవకైంది. ఏది చవకన్నది మనం కొనే సరుకునుబట్టి మారుతుంది.

ఇంకో మెట్టు ఎక్కుదాం. బాన్సువాడ ప్రాంతంలోని రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా స్థానం ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయంవారి ఆహార సాంకేతిక కళాశాల కూడా ఆ ఊళ్ళోనే ఉంది. ఆహారాన్ని శాస్త్రంగా చదివేవారికి పాళ్ళ లెక్క తప్పదు. వండని బియ్యం 100 గ్రాముల్లో మాంసకృత్తులు సుమారు 7 గ్రాములు, కందిపప్పులో సుమారు 22 గ్రాములు. రెండూ కలిపిన 100 గ్రాముల్లో 10 గ్రాముల మాంసకృత్తులు ఉండాలంటే ఏది ఎంత కలపాలి?

షరతులు రెండు. మొత్తం బరువు సరిపోవాలి, మాంసకృత్తులు సరిపోవాలి. మొదటి అడ్డు వరుస 1, 1. రెండోది 7, 22. మూలల్లోని అంకెల్ని ఎదురెదురుగా గుణించి తీసివేస్తే 22లోంచి 7 పోను 15. దీన్ని నిర్ధారకం అంటారు. అది సున్నా కాకపోతే జవాబు ఒక్కటే ఉంటుంది: బియ్యం 80 గ్రాములు, పప్పు 20 గ్రాములు. నాలుగు పాళ్ళకు ఒక పాలు, మన కిచిడీలాగే!

పప్పు బదులు 7 గ్రాములే ఉన్న ఇంకో రకం బియ్యం కలిపితే? నిర్ధారకం సున్నా అవుతుంది. ఎంత కలిపినా 10 రాదు.

నిర్ధారకం సున్నా అయిన మాత్రికకు విలోమం లేదని పాఠ్యపుస్తకం అక్కడితో ఆగుతుంది. అక్కడినుంచి ముందుకు నడిచినవారిలో మన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఒకరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన ఆయన, అలాంటి మాత్రికలకూ పనికొచ్చే విలోమం మీద సుజిత్ కుమార్ మిత్రాగారితో కలిసి 1971లో గ్రంథం వెలువరించారు. 102 ఏళ్ళు జీవించి 2023లో కన్నుమూశారు. చిన్నతనంలో తల్లి లక్ష్మీకాంతమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోమని నూనెదీపం వెలిగించేవారని ఆయన కృతజ్ఞతతో రాసుకున్నారు.

మనకు మాత్రికలు రాకపోయినా ఫరవాలేదు. ఎవరి ప్రాజెక్టో చూసి నకలు రాయించే బదులు, నెలరోజుల కిరాణా చీటీలు, పాల లెక్క పిల్ల చేతికివ్వండి. "అడ్డు వరుస దేనిది? నిలువు వరుస దేనిది?" అని అడగండి. తడుముకోకుండా చెప్పగలిగిందంటే ప్రాజెక్టు సగం అయిపోయినట్టే. మిగతా సగం తనే చేసుకుంటుంది.