వంద గ్రాముల కొత్తిమీర ఎన్ని కప్పులు?

వంటల పుస్తకంలో ‘పుదీనా ఆకులు 50 గ్రాములు’ అని ఉంటుంది. మన చేతిలో ఉండేవి కప్పూ చెంచాలూ. ఇంకోచోట ‘కప్పు కొత్తిమీర తరుగు’ అని రాస్తారు, బజార్లో దొరికేది కట్ట. మరి ఈ లెక్కలు కుదిరేదెలా?

నీళ్లకు తేలికైన లెక్క ఆకుకు ఎందుకు కుదరదు?

240 మిల్లీలీటర్ల కప్పు నిండా నీళ్లు పోస్తే దాదాపు 240 గ్రాములు. ఎవరు పోసినా అంతే. అదే కప్పులో ఆకు వేస్తే సగానికి మించి గాలే ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో కప్పు కొత్తిమీర 16 గ్రాములు. దాని దగ్గరి చుట్టం పార్స్‌లీ మాత్రం, తరిగితే కప్పు 60 గ్రాములు. ఆకు బిరుసుదనం, తరుగు సన్నదనం, కప్పులో ఎంత అదిమామన్నది, వీటిలో ఏది మారినా బరువు మారిపోతుంది. అందుకే ఆకులన్నిటికీ కలిపి ఒకే అంకె చెప్పలేం.

లెక్క మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?

మొదటిది కప్పు. అమెరికా వంటల్లో కప్పంటే సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250. టేబుల్‌స్పూను మామూలుగా 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. రెండోది కాడలు. కట్ట బరువులో వేర్లూ ముదురు కాడలూ కలిసి ఉంటాయి, కప్పులోకి వచ్చేది తుంచిన ఆకు మాత్రమే. మూడోది తడి. కడిగిన ఆకును బట్ట మీద ఆరబెట్టకుండా తూచితే నీళ్లను కూడా తూచినట్టే. నాలుగోది మాట. ‘కప్పు తరుగు’ అంటే తరిగాక కొలవాలి, ‘కప్పు ఆకులు’ అంటే తరగకముందే కొలవాలి.

ఇంట్లో ఎలా తేల్చుకోవాలి?

ఖాళీ కప్పును కిచెన్ స్కేల్ మీద పెట్టి అంకెను సున్నాకు తేవాలి. ఆరిన ఆకును అదమకుండా నింపి తూచాలి. కావలసిన గ్రాములను ఆ అంకెతో భాగిస్తే ఎన్ని కప్పులో వస్తుంది. కప్పుకు 16 గ్రాములు తూగే కొత్తిమీరైతే 50 గ్రాములకు దాదాపు మూడు కప్పులు, వందకు ఆరు కప్పులకు కాస్త పైన. పుదీనాకూ మెంతికూరకూ విడివిడిగా తూచి అల్మారా తలుపు లోపల రాసి పెట్టుకుంటే మళ్లీ మళ్లీ తూచే పని ఉండదు.

ఎండు ఆకైతే?

పచ్చి కొత్తిమీరలో పదింట తొమ్మిది వంతులు నీరే. ఎండితే బరువు పోతుంది, పరిమాణం కూడా కుంచించుకుపోతుంది. అందుకే మూడు చెంచాల పచ్చి ఆకు తరుగుకు ఒక చెంచా ఎండు ఆకు అన్నది వంటవాళ్ల వాడుక లెక్క. పుదీనాకు ఇది పనికొస్తుంది. కొత్తిమీర ఎండితే వాసన చాలా వరకు పోతుంది కాబట్టి దానికి పచ్చిదే మేలు.

ఇంత పట్టింపు ఎప్పుడు అవసరం?

చారు మీద చల్లే కొత్తిమీరకు అక్కర్లేదు, చేతికి వచ్చినంత వేయొచ్చు. పుదీనా పచ్చడికీ గోంగూర పచ్చడికీ మాత్రం కావాలి. అక్కడ ఉప్పూ కారమూ ఆకు బరువును బట్టే పడాలి. స్కేల్ లేకపోతే ముందు సగం ఉప్పు వేసి, రుచి చూసి కలుపుకోవాలి.

హైదరాబాదు కట్ట, డాలస్ కట్ట ఒకే సైజులో ఉండవు. దూరాన ఉన్న పిల్లలకు పచ్చడి కొలతలు రాసి పంపేటప్పుడు ‘రెండు కట్టలు’ అని వదిలేయకండి. తుంచిన ఆకు ఎన్ని గ్రాములో రాయండి.