గాంధారి చూచిన రణభూమి

సాహిత్యాధ్యయనమనగా కథను తెలిసికొనుట, అలంకారములను గుర్తించుట, కవికాలనిర్ణయము చేయుట అని మాత్రమే తలంచువారు నేటికిని పెక్కురు కలరు. ఇవన్నియు చదువునకు వలయు పరికరములే యైనను, వీనికన్నింటికిని మీదిదైన ప్రయోజనము వేరొకటి కలదు. ఏ మనుష్యుడైనను ఒక్క దేహముతో, ఒక్క కాలమున, ఒక్క కుటుంబము నడుమనే సుఖదుఃఖముల నెరుగగలడు. ఆ హద్దును దాటించి మనలను పరుల బ్రతుకులోనికి కొనిపోవునది కావ్యము. ఆ బ్రతుకునకు గల పలుముఖములను వేరువేరుగా పరికించి, మరల నొక్కటిగా దర్శింప నేర్పునది కావ్యాధ్యయనము.

ఇందులకు మహాభారతమందలి స్త్రీపర్వమును మించిన పాఠము లేదని నా విశ్వాసము. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని తెనిగించిన 15 పర్వములలో నిదియు నొకటి. యుద్ధము ముగిసినది, 18 అక్షౌహిణుల సైన్యము నేలకొరిగినది. వివాహము నాటినుండి కన్నులకు వస్త్రము కట్టుకొని బ్రదికిన గాంధారి, వ్యాసానుగ్రహమున లభించిన దివ్యదృష్టితో కురుక్షేత్రమును చూచుచున్నది.

మొదట ఆమెకు కానవచ్చినవి నక్కలును గ్రద్దలును పీకుకొని తినుచున్న రాజుల శరీరములు. పిమ్మట దుర్యోధనుని చూచి మూర్ఛిల్లి తేరుకొనిన ఆ తల్లి, జయము కలుగునట్లు దీవింపుమని అతడు కోరిననాడు ధర్మమున్నచోటనే జయముండునని తాను పలికిన మాటను తలచుకొనును. కొడుకును ప్రేమించుటయు, కొడుకు తప్పు నెరుగుటయు ఒకే హృదయమున నిమిడియుండగలవని యిచ్చట మనకు బోధపడును. అంతలో ఆమె దృష్టి పగవారి వైపునకు మరలును. అభిమన్యుని శిరమును ఒడిలో నిడుకొని విలపించు ఉత్తరను చూచి, తన కుమారుల పక్షమువారే కూల్చిన ఆ బాలుని కొరకు ఆమె దుఃఖించును. తుదకు శోకము క్రోధమై, నివారింపగలిగియు ఉపేక్షించితివని శ్రీకృష్ణుని నిందించి, 36వ సంవత్సరమున యాదవులు తమలో తాము కలహించి నశించునట్లు శపించును. కృష్ణుడు ఆ శాపమును చిరునవ్వుతో గ్రహించియు నూరకుండక, దుష్టుడైన కుమారుని మన్నించిన దోషము నీది కాదా యని ఆమెను ప్రశ్నించును. ఇంతటి వినాశమునకు ఒక్కనిని దోషిగా నిలిపి తక్కినవారిని విడిచిపుచ్చుటకు కవి మన కవకాశ మీయడు.

భరతుడు నాట్యశాస్త్రమున చెప్పిన రసములు ఎనిమిది. ఈ ఘట్టమున కరుణరసమున్నదని వ్రాసి పుస్తకము మూసిన విద్యార్థి తప్పు వ్రాసినవాడు కాడు గాని, శవములను చూచినప్పటి బీభత్సమును, శపించినప్పటి రౌద్రమును, ఆ కరుణమునకు అవి కలిగించిన బలమును అతడు విడిచిపెట్టినవాడగును. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు యాదవపాండవుల విషాదాంతమును బట్టి మహాభారతమునకు శాంతమే ప్రధానరసమని సిద్ధాంతీకరించెను. గాంధారి శాపము ఫలించి, గెలిచినవారికిని ఆ గెలుపు నిలువకపోవుటను చూచువరకు చదివినగాని ఆమె దుఃఖమునకు పూర్తి అర్థము తెలియదన్నమాట. ఆ దుఃఖమును మనము పారిపోక చూడగలుగుటకు కారణమును ఆలంకారికుడైన భట్టనాయకుడు సాధారణీకరణమనెను: కావ్యమున శోకము ఆమెదియు కాక, మనదియు కాక, మానవులందరిదియు నగుచున్నది.

ఐనను అందరిదియు అన్న మాటను అంత సులభముగా అనరాదు. గాంధారి పేరుపేరున విలపించినది రాజుల కొరకు. దిక్కులేని శవములకు దహనసంస్కారములు చేయింపుమని ధర్మరాజు ఆజ్ఞాపించిన మాట అదే పర్వమున నున్నది. కాని ఆ దిక్కులేనివారి పేర్లు లేవు, వారికొరకు ఏడ్చినవారి మాటలును లేవు. ఆ మౌనమును వినుటయు అధ్యయనమే. 1941లో వెలువడిన గుర్రము జాషువ గబ్బిలమను కావ్యము నీ దృష్టితో చదువవలెను. కాళిదాసు యక్షుడు ప్రియావిరహమున మేఘమును పంపినాడు; జాషువ నాయకుడు ఆకలికిని, అంటరానితనమునకును లోనైనవాడై, తనకు ప్రవేశములేని దేవాలయమున స్వేచ్ఛగా తిరుగు గబ్బిలమును కాశీనాథుని కడకు దూతగా పంపినాడు. సందేశకావ్యరూపము ఒక్కటే యైనను, అనుభవము వేరు. ఆ భేదమునకు కారణము పుట్టుకను బట్టి మనుష్యుని వెలకట్టిన సంఘము.

కావున కావ్యమును చేతబట్టిన పాఠకుడు దేహము, హృదయము, నీతి, సంఘము, కాలము అను నీ యైదింటిని గూర్చియు ప్రశ్నించుట అభ్యసింపవలెను. ఈ దేహమునకేమైనది? ఈ మనస్సు ఏయే భావముల నడుమ నలిగినది? బాధ్యత ఎవరెవరిది? ఎవరి మాట వినబడలేదు? కాలము దీనినేమి చేసినది? మన బడులలో గురువులు అలంకారముల పేర్లతోపాటు ఈ ప్రశ్నలను గూడ పిల్లలకు అలవరచిన పక్షమున, వారు పద్యమును మరచిపోయినను, తమకంటె భిన్నముగా బ్రదికినవాని మాటను ఓపికతో విని న్యాయముగా తూచు బుద్ధిని మరువరు.